31 చలాన్లు, 13,640 రూపాయలు, జేబులో 600. ఏం చేయమంటారు?

పాతబండి_బాధితుడు
డెలివరీ పని నాది, సెకండ్ హ్యాండ్ బండి, టీఎస్ నంబర్. నిన్న సాయంత్రం సిగ్నల్ దగ్గర ఆపి మెషిన్‌లో నంబర్ కొట్టి చూపించాడు, బోలెడు చలాన్లు పెండింగ్, వేలల్లో. నాకు తెలిసి నాలుగో ఐదో ఉంటాయి అనుకున్నా, ఒక్క మెసేజ్ కూడా రాలేదు నా ఫోన్‌కి. సార్ అంత లేదు అంటే కొన్నైనా కట్టు అన్నాడు, ఉన్నదాంట్లో రెండు కట్టి బయటపడ్డా, అవి పోను ఇంకా 31, మొత్తం 13,640. ఇప్పుడు ఆ రూట్‌లో వెళ్లాలంటేనే భయంగా ఉంది, చుట్టూ తిరిగి వెళ్తే ఆర్డర్ లేటు, లేటైతే రేటింగ్ పోతుంది. ఫోన్‌లో లోన్ యాప్ వాడు 15 వేలు ఐదు నిమిషాల్లో అంటున్నాడు. తీసుకుని ఒకేసారి కట్టేయనా? లేక ఆగాలా? కట్టకపోతే జైల్లో వేస్తారా? తెలిసినోళ్లు చెప్పండి ప్లీజ్.

చిల్లరమల్లర
31 ఆ?? బండి కంటే చలాన్ల విలువే ఎక్కువలా ఉంది బ్రో

సగంజీతం
ఆగు. ఎలాగూ డిస్కౌంట్ పెడతారు. 2022 మార్చిలో టూవీలర్లకి 75 శాతం తీసేశారు. మళ్లీ 2023 డిసెంబర్ 26 నుంచి 80 శాతం, ముందు జనవరి 10 లాస్ట్ డేట్ అన్నారు తర్వాత పొడిగించారు. నేను 6 వేల చిల్లరకి 1200 కట్టి బయటపడ్డా. కట్టినోడు పిచ్చోడు ఇక్కడ.

రూలంటే_రూలే
@సగంజీతం ఇదిగో ఈ ఆలోచన వల్లే రోడ్లు ఇలా ఉన్నాయి. తప్పు చేయడం, ఆఫర్ కోసం ఎదురుచూడడం. పండక్కి బట్టల షాపు అనుకున్నారా. 31 సార్లు తప్పు చేసినోడికి సానుభూతి దేనికో నాకర్థం కాదు, హెల్మెట్ పెట్టుకుంటే సున్నా ఖర్చు.

నైట్‌షిఫ్ట్_నాయుడు
రూల్ మాస్టారు వచ్చేశారు, అందరూ సీట్ బెల్ట్ పెట్టుకోండి

ఆటో_అన్న
తమ్ముడూ ముందు ఆ లోన్ యాప్ తీసేయ్ ఫోన్లోంచి. తర్వాత మిగతాది మాట్లాడుకుందాం. మా స్టాండ్‌లో ఒకడు ఫైన్ కట్టడానికని 8 వేలు తీసుకున్నాడు, చేతికొచ్చింది 5,200, ఏడో రోజు నుంచి ఫోన్లు మొదలు, వాళ్ల అత్తగారికి కూడా ఫోన్ చేసి తిట్టారు. ఫైన్ వాడు నీ చుట్టాలకి ఫోన్ చెయ్యడు, వీడు చేస్తాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అన్నట్టు అవుతుంది.

వంటింటి_ఆర్థికమంత్రి
ఆటో అన్న చెప్పింది నూటికి నూరు నిజం. యాప్‌లు మన కాంటాక్టులు, ఫోటోలు ముట్టుకోకూడదని ఆర్‌బీఐ 2022 లోనే రూల్ పెట్టింది, అయినా దొంగ యాప్‌లకి రూల్ ఏంటి. చలాన్‌కి రోజువారీ వడ్డీ ఎక్కదు బాబూ, లోన్‌కి ఎక్కుతుంది. వడ్డీ లేని బాకీని వడ్డీ ఉన్న బాకీతో తీర్చడం ఏ లెక్కరా అసలు.

అమ్మేసిన_స్కూటీ
మెసేజ్ రాలేదు అన్నావు కదా. ఆర్సీ నీ పేరు మీద ఉందా?

పాతబండి_బాధితుడు
లేదన్నా. పాత ఓనర్ పేరు మీదే ఉంది. కొన్నప్పుడు సంతకాలు పెట్టిన ఫారాలు ఇచ్చాడు, ఆర్టీఏకి వెళ్లడం కుదర్లేదు, ఏడాదిన్నర అయింది.

అమ్మేసిన_స్కూటీ
అదీ సంగతి. నీ మెసేజ్‌లన్నీ ఆ మహానుభావుడికి వెళ్తున్నాయి. నేను అటు పక్క మనిషిని, నా స్కూటీ అమ్మేశాక కొన్నోడు పేరు మార్చుకోలేదు, ప్రతి వారం నాకు టింగ్ టింగ్ మని చలాన్ వచ్చేది, ముగ్గురెక్కి వెళ్తున్న ఫోటోతో సహా. మా ఆవిడ ఒకసారి ఫోటో చూసి వెనకాల కూర్చున్నది ఎవరు అని అడిగింది, అది వేరే కథ. అమ్మినోడు 14 రోజుల్లో ఆర్టీఏకి చెప్పాలి, కొన్నోడు 30 రోజుల్లో మార్పించుకోవాలి అని చట్టంలోనే ఉంది, నేనూ చెయ్యలేదు వాడూ చెయ్యలేదు. నువ్వు ఇవాళే ఫోన్ చెయ్యి ఆయనకి, పాపం ఆయన నిన్ను తిట్టుకుంటూ ఉంటాడు.

నైట్‌షిఫ్ట్_నాయుడు
వెనకాల కూర్చున్నది ఎవరు అన్నా ఇంతకీ

అమ్మేసిన_స్కూటీ
నాకేం తెలుసురా నాయనా

నల్లకోటు
లాయర్‌ని, ట్రాఫిక్ కేసులు చూస్తుంటా. బాధితుడు గారూ, 13,640 అనే అంకె చూసి భయపడకండి, దాన్ని విడగొట్టండి. ఈ-చలాన్ సైట్‌లో బండి నంబర్ కొడితే ఒక్కో చలాన్‌కి తేదీ, టైము, చోటు, ఫోటో ఉంటాయి. మూడు కుప్పలు చెయ్యండి. ఒకటి, మీరు బండి కొన్న తేదీకి ముందువి. రెండు, ఫోటోలో ఉన్నది మీ బండి కానివి (నంబర్ తప్పు చదవడం, ఎవడో మీ నంబర్ పెట్టుకుని తిరగడం, ఈ రెండూ తరచూ జరిగేవే). మూడు, నిజంగా మీవి. మొదటి కుప్పకి పాత ఓనర్‌తో మాట్లాడాలి, రెండో కుప్పకి సైట్‌లోనే కంప్లైంట్ పెట్టాలి, డబ్బు మూడో దానికే. అది కూడా ఒకేసారి కట్టాలని లేదు, టిక్కులు పెట్టుకుని ఒక్కొక్కటీ కట్టొచ్చు.
జైలు సంగతి: పోలీసు రాసిన చలాన్ వేరు, కోర్టు వేసిన జరిమానా వేరు. ఇది గుర్తుపెట్టుకోండి. చలాన్ అంటే కోర్టుకి వెళ్లకుండా ఇంత కట్టి ముగించుకో అని ఒక అవకాశం. కట్టకపోతే అది కోర్టుకి వెళ్లొచ్చు, అక్కడ మీ మాట చెప్పుకోవచ్చు. కట్టలేదని రేపు పొద్దున్నే ఇంటికొచ్చి ఎవరూ పట్టుకెళ్లరు. కానీ కోర్టు సమన్లు వచ్చాక వెళ్లకుండా కూర్చుంటే మాత్రం చిన్నది పెద్దదవుతుంది.

సగంజీతం
లాయర్ గారూ మరి డిస్కౌంట్ కోసం ఆగడం తప్పా ఒప్పా చెప్పండి

నల్లకోటు
తప్పూ ఒప్పూ నేను చెప్పను, లెక్క చెప్తా. డిస్కౌంట్ ఇస్తామని ఎవరూ మాట ఇవ్వలేదు. ఈలోగా బండి రోజూ రోడ్డెక్కాలి ఆయనకి. మీది ఆఫీసు పార్కింగ్‌లో పడుండే బండి, ఆయనది రోజుకి పదిసార్లు సిగ్నల్ దాటే బండి.

రూలంటే_రూలే
ఇంకొకటి, 2019 సెప్టెంబర్ 1 నుంచి కేంద్ర చట్టంలో హెల్మెట్ లేకపోతే 1000, లైసెన్స్ లేకపోతే 5000. మన తెలంగాణలో ఆ రేట్లు అలాగే అమలు చెయ్యలేదు కాబట్టి హెల్మెట్‌కి 200, పైన చార్జి 35 తో పోతోంది. వేరే రాష్ట్రంలో అయితే ఈయన బిల్లు ఎంతయ్యేదో లెక్కేసుకోండి. అదృష్టవంతుడే.

ఆటో_అన్న
మాస్టారూ మీ నెల జీతంలో 235 ఎంతో నాకు తెలీదు, ఈ పిల్లాడికి అది సగం రోజు సంపాదన. ఒకే ఫైన్ ఒకడికి చిల్లర, ఇంకొకడికి పూట గడవడం.

చదువుల_పురుగు
@ఆటో_అన్న ఈ పాయింట్ మీదే ఫిన్లాండ్‌లో 1921 నుంచి వేరే పద్ధతి ఉంది, ఆదాయాన్ని బట్టి జరిమానా. 2002లో నోకియా డైరెక్టర్ ఒకాయన 50 ఉన్న చోట 75 స్పీడులో బైక్ మీద వెళ్లాడని 1,16,000 యూరోలు వేశారు. తర్వాత ఆదాయం తగ్గిందని అప్పీల్‌లో బాగా తగ్గించారనుకోండి. ఐపీసీ బదులు వచ్చిన మన కొత్త న్యాయ సంహితలో కూడా జరిమానా మితిమీరి ఉండకూడదని ఒక మాట ఉంది, పాత ఐపీసీలోనూ ఉండేది, కానీ ఎవరికి ఎంత అయితే మితిమీరినట్టో రాయలేదు.

చిల్లరమల్లర
ఆదాయాన్ని బట్టి అయితే నాకు ఎదురు వాళ్లే ఇవ్వాలి

కొట్టు_మూసేశా
ట్రాఫిక్ కాదు కానీ నాదీ ఇలాంటిదే, చెప్పొచ్చా. 2022లో జీఎస్టీ నంబర్ తీసుకుని చిన్న మొబైల్ యాక్సెసరీస్ కొట్టు పెట్టా, ఆర్నెల్లకే మూసేశా, కొట్టు మూస్తే నంబర్ కూడా మూసుకుపోతుంది అనుకున్నా. పద్దెనిమిది నెలలు రిటర్న్ వెయ్యలేదు. నోటీసు వస్తే ఒక ఏజెంట్ దగ్గరికి వెళ్లా, రోజుకి 50 చొప్పున లక్ష దాటిపోయింది, నేను 40 వేలకి సెటిల్ చేస్తా అన్నాడు. రెండు నెలలు నిద్రలేదండీ, ఇంట్లో చెప్పలేదు, నోటీసు కవర్లు బీరువా మీద సూట్‌కేసులో దాచా. చివరికి తెలిసినాయన ఒకడు చూసి నవ్వాడు. అమ్మకాల్లేని నెలకి రోజుకి 20, అది కూడా ఒక్కో 3బీ (నెలవారీ) రిటర్న్‌కి 500 దాటదు, 2021 జూన్ నుంచి అలాగే ఉందట. 18 నెలలకి 9 వేలు. నెలకి కొన్ని చొప్పున పాత వాటి నుంచి వేసుకుంటూ వచ్చి చివర్లో నంబర్ రద్దు చేయించుకున్నా. నాకు భయం పెట్టింది ఫైన్ కాదు, ఆ కవరు విప్పకపోవడం.

వంటింటి_ఆర్థికమంత్రి
సూట్‌కేసులో దాచడం అంటే మా ఆయన గుర్తొచ్చాడు. కరెంట్ బిల్లు దాచాడు ఒకసారి, కరెంట్ పోయాక తెలిసింది.

నైట్‌షిఫ్ట్_నాయుడు
😂😂 చీకట్లో వెతికారా అక్కా

కోర్టుపక్షి
మా తమ్ముడు డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడు, మొదటిసారే. అది ఆన్‌లైన్‌లో కట్టేది కాదు, కోర్టుకే వెళ్లాలి. 10 వేలు ఫైన్, కట్టకపోతే పది రోజులు అన్నారు. వాడి దగ్గర 4 వేలు ఉన్నాయి. బయట తిరిగే ఒకాయన నేను కడతా నెలకి పది రూపాయల వడ్డీ అన్నాడు, సంతకం పెట్టబోతుంటే అక్కడి కానిస్టేబులే అన్నాడు, ఒరేయ్ జడ్జి గారిని టైమ్ అడగరా అని. అడిగాడు. చేతులు వణుకుతున్నాయట. ఎక్కడ పని చేస్తావ్, ఇంట్లో ఎవరున్నారు అని రెండు ప్రశ్నలు అడిగి, పూచీకత్తు రాయించుకుని మూడు వాయిదాలు ఇచ్చారు. ఒక్క మాట అడిగితే అయిపోయేది, అడగొచ్చని తెలీక వడ్డీ వాడి కాగితం మీద సంతకం పెట్టబోయాడు.

రూలంటే_రూలే
తాగి నడిపినోడికి వాయిదాలు కూడానా. బాగుంది.

కోర్టుపక్షి
తాగడం తప్పే మాస్టారూ, వాడి తరఫున నేనేం వాదించట్లేదు. లైసెన్స్ సస్పెండ్ అయింది, ఆర్నెల్లు బస్సులో తిరిగాడు. ఫైన్ మొత్తం కట్టాడు. కట్టడానికి టైమ్ ఇచ్చారంతే, మాఫీ చెయ్యలేదు.

నల్లకోటు
@కోర్టుపక్షి చెప్పింది సరిగ్గా చట్టంలో ఉన్నదే, దయాదాక్షిణ్యం కాదు. కేసు ఎలా నడపాలో చెప్పే పాత సీఆర్‌పీసీలో 424వ సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 464. జరిమానా మాత్రమే శిక్ష అయి, కట్టకపోతే జైలు అన్నప్పుడు, వెంటనే కట్టలేకపోతే కోర్టు 30 రోజుల లోపు గడువు ఇవ్వొచ్చు, లేదా రెండు మూడు వాయిదాలు చెయ్యొచ్చు, మొదటిది 30 రోజుల్లోపు, తర్వాతవి 30 రోజులకి మించని ఎడంతో. ఇవ్వాలని తప్పనిసరి కాదు, ఇవ్వొచ్చు అని. అందుకే అడగాలి. జీతం స్లిప్పో, ఇంటద్దె రశీదో, పిల్లల ఫీజు కాగితమో ఏదో ఒకటి చేతిలో పెట్టుకుని వెళ్లండి, నోటిమాట కంటే కాగితం పని చేస్తుంది.
ఇంకో మాట చాలామందికి తెలీదు. కట్టలేక లోపలికి వెళ్లినా, మధ్యలో కొంత కడితే ఆ మేరకి రోజులు తగ్గుతాయి, మొత్తం కట్టిన క్షణం బయటికి రావాలి. జరిమానా మాత్రమే శిక్షగా ఉండే నేరాలకి కట్టనందుకు వేసే జైలుకి హద్దు ఉంది: 5 వేల లోపు జరిమానాకి రెండు నెలలు, 10 వేల లోపు అయితే నాలుగు నెలలు, ఆపైన ఏడాది దాటకూడదు. ఇది 2024 జూలై 1 నుంచి వచ్చిన న్యాయ సంహిత లెక్క, అంతకుముందు అంకెలు వేరు.

సగంజీతం
లోక్ అదాలత్‌లో సగానికి సగం తగ్గిస్తారంటారు నిజమేనా

నల్లకోటు
కోర్టుకి వెళ్లిన, రాజీకి వీలున్న కేసులైతే పెట్టుకోవచ్చు. ఏడాదికి నాలుగుసార్లు జాతీయ లోక్ అదాలత్ జరుగుతుంది. ఫీజు లేదు. కానీ అక్కడ ఒప్పుకున్నాక అప్పీల్ లేదు, కాబట్టి కట్టగలిగిన అంకెకే తల ఊపండి. ఎంత తగ్గుతుందో ముందే చెప్పేవాడు ఉంటే వాడు బ్రోకర్.

పేరొద్దులే
చాలా రోజులుగా చదువుతున్నా, ఎప్పుడూ రాయలేదు. మా పెద్దమ్మ కొడుకు ఒక కొట్లాట కేసులో రెండేళ్ల శిక్ష పడి లోపల ఉన్నాడు. శిక్ష అయిపోయింది. 10 వేలు జరిమానా ఉంది, కట్టలేదు కాబట్టి ఇంకా ఆరు నెలలు ఉండాలంటున్నారు. పెద్దమ్మ ఇళ్లల్లో పని చేస్తుంది, పెదనాన్న లేడు. అందరం కలిసి వేసినా 3,500 అయ్యాయి. తప్పు చేశాడు, శిక్ష అనుభవించాడు, ఇప్పుడు ఉన్నది డబ్బు లేకపోవడానికి. పైన అందరూ చలాన్ల గురించి జోకులేసుకుంటున్నారు, నేనేం అనట్లేదు, నాక్కూడా నవ్వొచ్చింది కరెంట్ బిల్లుకి. ఏదైనా దారి ఉంటే చెప్పండి.

ఆటో_అన్న
అయ్యో.

నల్లకోటు
@పేరొద్దులే దారి ఉంది, జాగ్రత్తగా చదవండి. 2023లో కేంద్రం పేద ఖైదీల సహాయ పథకం పెట్టింది. జరిమానా కట్టలేక లోపల ఉండిపోయిన వాళ్లకి 25 వేల వరకు, బెయిల్ డబ్బు కట్టలేని విచారణ ఖైదీలకి అప్పట్లో 40 వేల వరకు. మాదకద్రవ్యాలు, అవినీతి, మనీ లాండరింగ్, ఉపా (ఉగ్రవాద నిరోధక చట్టం) లాంటి కేసులకి వర్తించదు, మీవాడిది కొట్లాట అంటున్నారు కాబట్టి చూడొచ్చు. జైలు సూపరింటెండెంట్‌కి ఒక అర్జీ ఇవ్వండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి ఇంకో కాపీ. జిల్లా కమిటీ చూసి మంజూరు చేస్తుంది. 15100 కి ఫోన్ చేస్తే న్యాయ సేవల వాళ్లు పలుకుతారు. కస్టడీలో ఉన్న మనిషికి, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయం ఎంతున్నా ఉచిత లాయర్ హక్కు, 1987 చట్టం. మీ పెద్దమ్మని ఎవరూ డబ్బు అడగకూడదు, అడిగితే అది తప్పుడు మనిషి.
ఆ 3,500 కూడా ఊరికే పోదు, కడితే ఆరు నెలల్లో ఆ మేరకి తగ్గుతుంది. కానీ ముందు అర్జీ పెట్టండి, తొందరపడి కట్టెయ్యకండి.

పేరొద్దులే
రేపే వెళ్తా సార్. ఎవరూ చెప్పలేదు ఇది మాకు. జైల్లో కూడా చెప్పలేదు.

రూలంటే_రూలే
@పేరొద్దులే అర్జీ రాయడానికి సాయం కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి. నేను ఆఫీసులో అవే రాస్తుంటాను.

నైట్‌షిఫ్ట్_నాయుడు
మాస్టారూ ❤️ సీట్ బెల్ట్ జోకు వెనక్కి తీసుకుంటున్నా

అమ్మేసిన_స్కూటీ
బాధితుడూ ఒక జాగ్రత్త. ఇలా నువ్వు చలాన్ల టెన్షన్‌లో ఉన్నప్పుడే వాట్సాప్‌లో మీ బండికి చలాన్ పడింది అని ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) వస్తుంది. నొక్కావో అకౌంట్ ఊడ్చేస్తారు. అసలు గవర్నమెంట్ వాళ్లు ఏపీకే పంపరు. సైట్ పేరు చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూడు. పొరపాటున నొక్కితే వెంటనే 1930కి కొట్టు.

చిల్లరమల్లర
అకౌంట్లో 600 ఉన్నోడి దగ్గర వాళ్లకి కూడా లాస్ భయ్యా

పాతబండి_బాధితుడు
అప్‌డేట్. రాత్రంతా కూర్చుని 31 ఫోటోలు చూశా (ఆపినప్పుడు కట్టిన రెండూ వేరు, అవి 31లో లేవు). @నల్లకోటు సార్ చెప్పినట్టు మూడు కుప్పలు చేశా. నేను కొనకముందువి 9, వాటికే 4,115. రెండిట్లో అసలు నా బండే కాదు, ఒకదాంట్లో స్కూటీ మీద ముగ్గురు, నాది బైక్, 1,235 వేశారు, ఇంకోటి 235, ఆ రెండిటికీ కంప్లైంట్ పెట్టా, నా బండి ఫోటో కూడా జత చేశా. మిగిలింది 8,055. అవి నావే, ఒప్పుకుంటున్నా, 14 హెల్మెట్‌వి. ఒకదాంట్లో హెల్మెట్ చేతికి తగిలించుకుని నడుపుతున్నా, చూస్తే నాకే సిగ్గేసింది.
పాత ఓనర్‌కి ఫోన్ చేశా. మొదట రెండు నిమిషాలు తిట్టాడు. తర్వాత 9 నావే అని ఒప్పుకున్నాడు, సగం ఇప్పుడు సగం వచ్చే నెల కడతా, నువ్వు ముందు నా పేరు తీసెయ్ అన్నాడు. ఆర్టీఏకి ఇద్దరం కలిసి వెళ్తున్నాం.

రూలంటే_రూలే
స్కూటీ ఫోటోకి బైక్ నంబర్ వేయడం మాత్రం వాళ్ల తప్పే. ఒప్పుకుంటున్నా.

సగంజీతం
8 వేలు కూడా ఆగితే 1600 అవుతుంది, మళ్లీ చెప్తున్నా

పాతబండి_బాధితుడు
అన్నా ఆగలేను, ఆ రూట్ మానేస్తే రోజుకి వందో నూటయాభయ్యో పోతోంది నాకు. వారానికి రెండు హెల్మెట్ చలాన్లు కడదామనుకున్నా, 470. ఏడు వారాల్లో ఆ 14 అయిపోతాయి, పెద్దవి తర్వాత చూసుకుంటా. ఆపినా మొన్నటి నుంచి కట్టుకుంటూ వస్తున్నా అని రశీదులు చూపించొచ్చు కదా.

ఆటో_అన్న
చూపించు. మాట పనిచేస్తుందో లేదో ఆ రోజు సారుని బట్టి ఉంటుంది కానీ రశీదు ఉంటే గొంతు లేస్తుంది.

వంటింటి_ఆర్థికమంత్రి
లోన్ యాప్ తీసేశావా లేదా అది చెప్పు ముందు

పాతబండి_బాధితుడు
తీసేశా అక్కా.

చిల్లరమల్లర
మరి హెల్మెట్ పెట్టుకుంటున్నావా, లేక ఏడు వారాల్లో 14 కట్టి ఇంకో 14 తెచ్చుకుంటావా

పాతబండి_బాధితుడు
పెట్టుకుంటున్నా బ్రో. చేతికి కాదు, తలకి.

పేరొద్దులే
మీకందరికీ చెప్పాలని వచ్చా. అర్జీ ఇచ్చాం, మాస్టారు రాసిచ్చారు, పెద్దమ్మ వేలిముద్ర వేసింది. సూపరింటెండెంట్ ఆఫీసులో తీసుకున్నారు, ఫైలు కమిటీకి పంపుతామన్నారు. పన్నెండు రోజులైంది. @నల్లకోటు సార్ ఎన్ని రోజులు పడుతుంది మామూలుగా?

నల్లకోటు
జిల్లాని బట్టి మారుతుంది, నేను తేదీ చెప్పలేను. మీకు ఇచ్చిన రశీదు మీద ఇన్‌వార్డ్ నంబర్ ఉంటుంది, అది పట్టుకుని సోమవారం న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లి కమిటీ సమావేశం ఎప్పుడని అడగండి. నంబర్ లేకపోతే ఇవాళే వెళ్లి వేయించుకోండి.

పేరొద్దులే
నంబర్ ఉంది సార్. సోమవారం వెళ్తా. పెద్దమ్మ కూడా వస్తానంటోంది.